ఐదు క్లబ్బులతో కిందికి పడిపోయిన డిఫెండర్ ఐరన్ లెగ్ అవుతాడా?

అడిగినాయన ప్రశ్న ఇదీ: "ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ డిఫెండర్ హెర్మన్ హ్రెయ్దర్సన్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ నుంచి 5 వేర్వేరు క్లబ్బులతో రెలిగేట్ అయ్యాడని, అంటే కింది డివిజన్‌కి పడిపోయాడని చదివాను. అలాంటి వాణ్ని ఒకరి తర్వాత ఒకరు ఎందుకు కొన్నారు? మా అబ్బాయి కూడా లెఫ్ట్ బ్యాకే (వెనక ఎడమ వైపు కాచే డిఫెండర్), 16 ఏళ్ళు. వాడి టీమ్ రెండేళ్ళలో రెండుసార్లు కింది డివిజన్‌కి దిగింది. ఇప్పుడు తోటి పిల్లలు వాణ్ని ఐరన్ లెగ్ అంటున్నారు. కొత్త టీమ్ ట్రయల్స్‌కి వెళ్తే ఇది అడ్డొస్తుందా?"

సూటిగా చెప్పేస్తానండీ. ఐరన్ లెగ్ కాదు, అడ్డూ రాదు. నిజంగా ఐరన్ లెగ్ అయ్యుంటే రెండోసారి పడిపోయాకే హెర్మన్ ఇంట్లో ఫోన్ మోగడం ఆగిపోయేది. అతని విషయంలో ప్రతిసారీ ఇంకో క్లబ్బు వచ్చి తీసుకెళ్ళింది, మొదట్లో అయితే పడిపోయిన కొద్దీ రేటు పెరిగింది కూడా. డిఫెండర్ విలువ తెలియాలంటే టీమ్ ఎన్నో స్థానంలో ముగిసిందన్నది పక్కనపెట్టి, సీజన్ అయ్యాక అతన్ని ఎవరెవరు అడిగారో చూడండి. దీనికి ఒక మినహాయింపు ఉంది, కింద చెప్తా, దాన్ని మాత్రం దాటేయకండి.

నా గురించి రెండు ముక్కలు. సికింద్రాబాద్‌లో పదకొండేళ్ళు లీగ్ ఆడాను, అన్నేళ్ళూ లెఫ్ట్ బ్యాక్‌గానే, ఎప్పుడైనా స్టాపర్ (గోల్ ముందు నడిమధ్యన నిలబడే డిఫెండర్) లేనప్పుడు స్టాపర్‌గా. ఇప్పుడు పదిహేనేళ్ళ నుంచి పిల్లలకి కోచింగ్ ఇస్తున్నా. పెద్ద పేరున్న వాణ్ని కాదు. కానీ నేనూ టీమ్‌తో సహా కిందికి దిగిన వాణ్నే కాబట్టి హెర్మన్ కెరీర్‌ని మొదట్నుంచీ కాస్త ప్రేమగా చూస్తూ వచ్చా.

ముందు పేరు సంగతి. హ్రెయ్దర్సన్ అనేది ఇంటిపేరు కాదు. హ్రెయ్దర్ కొడుకు అని అర్థం, అంతే. ఐస్‌లాండ్‌లో దాదాపు అందరికీ ఇలాగే తండ్రి పేరో తల్లి పేరో తగిలిస్తారు, ప్రధానమంత్రిని కూడా మొదటి పేరుతోనే పిలుస్తారు. అందుకే నేనూ హెర్మన్ అనే రాస్తా. పుట్టింది 1974లో. ఆటలో ఎదిగింది దక్షిణాన ఉన్న వెస్ట్‌మన్ దీవుల క్లబ్బు ఐబీవీలో. అతను పుట్టడానికి ఏడాదిన్నర ముందు, 1973 జనవరిలో, ఆ దీవిలో ఊరి పక్కనే భూమి చీలి లావా ఎగజిమ్మితే 5 వేల పైచిలుకు జనం ఒక్క రాత్రిలో చేపల పడవలెక్కి బయటపడ్డారు. హార్బర్ వైపు పాకుతున్న లావా మీద నెలల తరబడి సముద్రపు నీళ్ళు కొట్టి ఆపారు. తర్వాత చాలామంది తిరిగొచ్చి బూడిద ఎత్తిపోసుకుని మళ్ళీ అక్కడే కాపురం పెట్టారు. అదే దీవి నుంచి వచ్చిన హెయిమిర్ హాల్‌గ్రిమ్సన్ అనే పళ్ళ డాక్టరే 2018 వరల్డ్ కప్‌లో ఐస్‌లాండ్ కోచ్. ఇదంతా ప్రశ్నకి అవసరం లేదనుకోండి, చెప్పకుండా ఉండలేకపోయా.

ఇక అసలు లెక్క. ప్రీమియర్ లీగ్‌లో 20 టీములు, ప్రతి ఏడాదీ అడుగున ఉన్న 3 కింది డివిజన్‌కి దిగిపోతాయి. హెర్మన్ ఖాతాలో ఉన్న ఐదూ ఇవి: క్రిస్టల్ ప్యాలెస్ 1998, వింబుల్డన్ 2000, ఇప్స్‌విచ్ 2002, చార్ల్‌టన్ 2007, పోర్ట్స్‌మత్ 2010. నేథన్ బ్లేక్ అనే ఫార్వర్డ్ కూడా 5 సార్లు పడిపోయాడు గానీ అందులో రెండు బోల్టన్‌తోనే. ఐదు వేర్వేరు క్లబ్బులంటే మనవాడిదే రికార్డు.

ప్యాలెస్‌లోకి 1997 ఆగస్టులో వచ్చాడు, 23 ఏళ్ళు. ఆ టీమ్ ఎంత ఘోరంగా ఉండేదంటే ఆగస్టులో మొదలైన సీజన్‌లో సొంత గ్రౌండ్‌లో మొదటి గెలుపు ఏప్రిల్‌లో వచ్చింది! మధ్యలో మేనేజర్ని తప్పించి, ఇటలీ నుంచి ఆడటానికొచ్చిన లొంబార్డోకి టీమ్ అప్పగించారు, అతనికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. అడుగు స్థానంలో ముగిశారు. ఈ గందరగోళంలో కొత్త దేశం నుంచి వచ్చిన ఒక లెఫ్ట్ బ్యాక్ తప్పు ఎంతో మీరే చెప్పండి.

ఆ తర్వాత జరిగింది చూడండి, నా వాదనంతా దీంట్లోనే ఉంది. ప్యాలెస్ ఓనర్ రాన్ నోడ్స్ 1998లో ఆ క్లబ్బుని అమ్మేసి, నాలుగో అంచెలో ఉన్న బ్రెంట్‌ఫర్డ్‌ని కొనుక్కుని, మేనేజర్ సీట్లో కూడా తనే కూర్చున్నాడు. కూర్చున్నాక డబ్బు పెట్టి ఎవర్ని తెచ్చుకున్నాడు? హెర్మన్‌ని. తన క్లబ్బు మునిగినప్పుడు దగ్గరుండి చూసినాయన, ప్రతి గోలూ ఎవరి వల్ల పడిందో తెలిసినాయన, మళ్ళీ తన జేబులోంచి తీసి అతన్నే కొన్నాడు. ఆ సీజన్ బ్రెంట్‌ఫర్డ్ డివిజన్ ఛాంపియన్ అయింది. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి.

చాలామంది హెర్మన్ కథ చెప్పేటప్పుడు ఈ బ్రెంట్‌ఫర్డ్ ఏడాదిని వదిలేస్తారు. నాకైతే అదే ముఖ్యం. ప్రీమియర్ లీగ్ నుంచి మూడు మెట్లు దిగి, వారం వారం చిన్న గ్రౌండ్లలో హెడ్డింగులు కొట్టుకుంటూ, నామోషీ అనుకోకుండా ఆడాడు. 1999 అక్టోబర్‌లో వింబుల్డన్ 25 లక్షల పౌండ్లు పెట్టి మళ్ళీ పైకి తీసుకెళ్ళింది.

వింబుల్డన్ సంగతి క్లుప్తంగా: 1986 నుంచీ పై డివిజన్‌లో ఉన్న టీమ్, సీజన్ చివరి రోజు సౌతాంప్టన్‌లో 0-2తో ఓడి దిగిపోయింది. అదే రోజు బ్రాడ్‌ఫర్డ్ లివర్‌పూల్ చేతిలో ఓడిపోయుంటే బతికిపోయేవాళ్ళు. వేరే ఊళ్ళో వేరే టీములు ఆడిన మ్యాచ్ ఇతని రికార్డులో మచ్చయి కూర్చుంది.

మళ్ళీ రేటు పెరిగింది. 2000 ఆగస్టులో ఇప్స్‌విచ్ సుమారు 40 లక్షల పౌండ్లు ఇచ్చింది. మీరు మీ అబ్బాయికి ఒక్క ఉదాహరణే చెప్పాలనుకుంటే ఇప్స్‌విచ్‌దే చెప్పండి. మొదటి సీజన్‌లో అప్పుడే ప్రమోట్ అయిన ఈ టీమ్ 5వ స్థానంలో నిలబడి యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఈఎఫ్ఏ కప్‌కి వెళ్ళింది, 38 మ్యాచుల్లో తిన్న గోల్స్ 42. మరుసటి సీజన్ 64 గోల్స్ తిని 18వ స్థానంలో దిగిపోయింది. అదే లెఫ్ట్ బ్యాక్. అవే కాళ్ళు, అదే తల. ఏడాదిలో ఆట మర్చిపోతాడా ఎవరైనా? మారినవి వేరే ఉన్నాయి. గోల్ కీపర్ రిచర్డ్ రైట్ ఆర్సెనల్‌కి వెళ్ళిపోయాడు, కొత్త కీపర్‌తో వెనక లైన్‌కి పొత్తు కుదరాలి, పైగా వారం మధ్యలో యూరప్ మ్యాచ్‌లు. సొంత గ్రౌండ్‌లో ఇంటర్ మిలాన్‌ని 1-0తో ఓడించిన టీమే, లీగ్‌లో మొదటి 17 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటి. మధ్యలో బాగా లేచి మళ్ళీ కూలబడ్డారు, చివరి రోజు లివర్‌పూల్‌లో 5-0.

కీపర్ మారితే ఏమవుతుందో బయట నుంచి చూసేవాళ్ళకి అర్థం కాదు, అందుకే కాస్త విడమరిచి చెప్తా. ఎదుటి టీమ్ తమ ఎడమ వైపు నుంచి, అంటే మన రైట్ బ్యాక్ ఉన్న వైపు నుంచి క్రాస్ వేస్తోంది (గోల్ ముందుకి బంతి లేపి కొడుతోంది) అనుకోండి. లెఫ్ట్ బ్యాక్ అప్పుడు గ్రౌండ్ పక్క గీత దగ్గర ఉండకూడదు, లోపలికి వచ్చి దూరంగా ఉన్న గోల్ పోస్ట్ ముందు నిలబడాలి. అతని ముందు నుంచి బంతి వస్తుంది, వీపు వెనక నుంచి ఎదుటి వింగర్ (పక్క గీత వెంట దాడి చేసేవాడు) వస్తాడు. రెండూ ఒకేసారి కనపడవు. సగం తిరిగి, భుజం బంతి వైపు, మొహం మధ్యకి పెట్టి, అరసెకనుకోసారి వెనక్కి చూసుకోవాలి. ఆ టైమ్‌లో "నాది!" అని కీపర్ అరుస్తాడా, అరవడా? అరిచే కీపర్ అయితే వదిలేసి మనిషిని అడ్డుకుంటాం. అరవని కీపర్ అయితే బంతి కోసం ఎగురుతాం, వెనక మనిషి ఖాళీగా మిగులుతాడు. అలవాటైన గొంతు పోయి కొత్త గొంతు వచ్చిందంటే నెలలు పడుతుంది సర్దుకోవడానికి. స్కోర్ బోర్డు మీద మాత్రం 'లెఫ్ట్ బ్యాక్ వైపు నుంచి గోల్' అనే పడుతుంది.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. పేరెందుకులెండి, మా టీమ్ పై డివిజన్‌లో ఉండాలంటే చివరి మ్యాచ్ డ్రా అయితే చాలు. సికింద్రాబాద్‌లో ఒక రైల్వే గ్రౌండ్, ముందురోజు రాత్రి వాన, గోల్ ముందు బురదలో స్టడ్స్ దిగబడిపోతున్నాయి. మా రెగ్యులర్ కీపర్‌కి డ్యూటీ పడింది, రిజర్వ్ కుర్రాడు నిలబడ్డాడు. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా అటు నుంచి క్రాస్ వచ్చింది. నేను బంతినే చూశా. నా వీపుకి ఎవడి మోచెయ్యో తగిలింది, అప్పటికే వాడు తల పెట్టేశాడు. 0-1. దిగిపోయాం. బస్సులో ఎవరూ నాతో మాట్లాడలేదు, నేను కిటికీ వైపు కూర్చుని జోళ్ళకంటిన బురద గీకుతూ ఉన్నా.

రెండు నెలల తర్వాత ఇంకో టీమ్ మేనేజర్ స్కూటర్ వేసుకుని మా ఇంటికొచ్చాడు. ఆ మ్యాచ్ ఆయన చూశాడు. "ఎనభై నిమిషాలు ఆ వింగర్‌ని గీత దాటనివ్వలేదు నువ్వు, ఆ ఒక్కటీ నాకు లెక్కలేదు, లెఫ్టీ దొరకడం లేదు వస్తావా" అన్నాడు. మా అమ్మ టీ ఇచ్చేలోపు ఒప్పేసుకున్నా.

అందుకే మీ వాడు నిజంగా ఎడమకాలి ఆటగాడైతే సగం టెన్షన్ వదిలేయండి. ఎడమకాలితో సహజంగా ఆడే డిఫెండర్లు ఎక్కడైనా తక్కువే. హెర్మన్ ఆరడుగుల పైన ఉంటాడు, ఎడమకాలు, లెఫ్ట్ బ్యాక్‌గానూ స్టాపర్‌గానూ ఆడగలడు. ఒకరి జీతంతో ఇద్దరి పని. కింద కొట్టుకుంటున్న టీమ్‌కి కావాల్సింది ఇలాంటి వాడే. అడుగున ఉండే టీములు ఎక్కువగా ఎవర్ని కొంటాయో వాళ్ళే ఎక్కువసార్లు రెలిగేట్ అవుతారు. ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే డాక్టర్ చేతిలో చావులు ఎక్కువ కనపడ్డట్టే ఇది కూడా.

2003 మార్చిలో ఇప్స్‌విచ్ దివాలా అంచుల్లో ఉండి అమ్మేస్తే చార్ల్‌టన్ తీసుకుంది. అక్కడ నాలుగేళ్ళు, మరుసటి సీజన్‌లోనే 7వ స్థానం. అది ఎవరికీ గుర్తుండదు. 2006లో, పదిహేనేళ్ళుగా మేనేజర్‌గా ఉన్న కర్బిష్లీ వెళ్ళిపోయాక ఒక్క సీజన్‌లో ముగ్గురు మేనేజర్లు మారారు, 19వ స్థానం. అది గుర్తుంటుంది.

చార్ల్‌టన్ దిగగానే పోర్ట్స్‌మత్ ఫ్రీగా పట్టుకుపోయింది. అప్పటికి 33 ఏళ్ళు నిండబోతున్నాయి, నాలుగు రెలిగేషన్లు. అయినా హ్యారీ రెడ్‌నాప్ లాంటి ముదురు మేనేజర్ అతన్ని ఎవరి పక్కన నిలబెట్టాడో చూడండి: వెనక కీపర్ డేవిడ్ జేమ్స్, మధ్యలో సోల్ క్యాంప్‌బెల్, డిస్టాన్, కుడి వైపు గ్లెన్ జాన్సన్, ఎడమ వైపు హెర్మన్. ఆ సీజన్ లీగ్‌లో 8వ స్థానం. ఇంగ్లండ్‌లో అన్ని అంచెల క్లబ్బులూ ఆడే నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్‌ని వాళ్ళ గ్రౌండ్‌లోనే 1-0తో దింపారు. 2008 మే 17న వెంబ్లీలో కార్డిఫ్ మీద ఫైనల్, కాను అనే ఫార్వర్డ్ గోల్ కొట్టాడు, 1-0. ఐరన్ లెగ్ చేతికి ఎఫ్ఏ కప్ వచ్చింది!

రెండేళ్ళకే అదే పోర్ట్స్‌మత్ కుప్పకూలింది. ఒకే సీజన్‌లో నలుగురు ఓనర్లు, జీతాలు టైముకి రావు, 2010 ఫిబ్రవరిలో అప్పులు తీర్చలేక క్లబ్బు అడ్మినిస్ట్రేటర్ల చేతికి పోయింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా అలా అయిన మొదటి క్లబ్బు అదే. శిక్షగా 9 పాయింట్లు కోశారు. నిజాయితీగా చెప్పాలంటే ఆ 9 తిరిగి ఇచ్చినా 28 దగ్గరే ఆగేవాళ్ళు, ఎలాగూ దిగేవాళ్ళే. హెర్మన్‌కి మార్చిలో టోటెన్‌హామ్ మీద ఆడుతూ మడమ వెనక ఉండే అకిలిస్ నరం తెగింది, ఆ ఏడాది ఎఫ్ఏ కప్ ఫైనల్ కూడా పోయింది. 35 ఏళ్ళ డిఫెండర్‌కి ఆ నరం తెగితే చాలామంది అక్కడితో సరి. అతను మళ్ళీ వచ్చి కింది డివిజన్‌లో పోర్ట్స్‌మత్‌కే ఆడాడు.

ఇక్కడ కొంచెం నవ్వు కూడా ఉంది. 2012 జనవరిలో పోర్ట్స్‌మత్ వదిలి కోవెంట్రీకి వెళ్ళాడు. ఆ సీజన్ ఆఖరుకి కోవెంట్రీ రెండో అంచె నుంచి మూడో అంచెకి దిగిపోయింది. వదిలేసి వచ్చిన పోర్ట్స్‌మత్ కూడా దిగిపోయింది. ఉన్నా పడిపోయారు, లేకపోయినా పడిపోయారు, ఇక ఐరన్ లెగ్ థియరీ వాళ్ళు ఏమంటారో.

మొత్తం మీద ప్రీమియర్ లీగ్‌లో 300కి పైగా మ్యాచ్‌లు, ఐస్‌లాండ్‌కి 89. ఆ 89లో ఒక్కటి కూడా పెద్ద టోర్నీలో కాదు, అతను 2011లో ఆపేశాక గానీ ఐస్‌లాండ్ క్వాలిఫై కాలేదు. నాకు అతని కెరీర్‌లో బాధ కలిగించేది ఇదే, ఆ ఐదు రెలిగేషన్లు కాదు.

ఇప్పుడు పైన చెప్పిన మినహాయింపు. ఒకే రకం గోల్ ఒకే చోటు నుంచి పదే పదే పడుతుంటే అది టీమ్ తప్పు కాదు, మీ వాడిదే. మీరు అడిగారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు, మంచి వేగం, మూడు టీములు మారాడు, మూడూ దిగిపోయాయి, వాళ్ళ నాన్నగారు అన్నిసార్లూ కోచ్‌లని తిట్టేవారు. నేను నాలుగు మ్యాచ్‌లు ఒక నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నా. గోల్స్ రాయలేదు, బంతి ఎన్నిసార్లు వాడి వీపు వెనక్కి వెళ్ళిందో మాత్రం గీతలు పెట్టా. ఒక్కో మ్యాచ్‌లో పదికి తగ్గలేదు. ముందుకి పరిగెత్తడం సరదా, తిరిగి రావడం బద్ధకం. వాడికి ఆ పేజీ చూపిస్తే రెండు రోజులు అలిగాడు, తర్వాత దారికొచ్చాడు. మీరూ ఒక మ్యాచ్ అలా చూడండి. గీతలు తక్కువుంటే ఎవరేమన్నా పట్టించుకోవద్దు. ఎక్కువుంటే ట్రయల్స్‌కి ముందు అదొక్కటే ప్రాక్టీస్ చేయించండి.

తప్పు చేసిన రోజు తర్వాత మ్యాచ్ ఎలా ఆడతాడన్నది కూడా చూడండి. ఐస్‌లాండ్‌కే ఇంకో డిఫెండర్ ఉన్నాడు, రైట్ బ్యాక్ బిర్కిర్ మార్ సేవార్సన్. 2016 యూరోలో హంగరీ మీద 1-0తో గెలుస్తున్న మ్యాచ్‌లో 88వ నిమిషంలో సొంత గోల్లోకి కొట్టుకున్నాడు, 1-1. దేశ పురుషుల జట్టుకి అదే మొదటి పెద్ద టోర్నీ, అదీ రెండో మ్యాచ్. కోచ్‌లు అతన్ని తీసేయలేదు, ఐదు మ్యాచ్‌లకీ అదే పదకొండు మంది. తర్వాత ఆస్ట్రియాని, ఆ తర్వాత ఇంగ్లండ్‌ని 2-1తో కొట్టారు. నార్వే, స్వీడన్‌లలో పదేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడి సొంతూరికి వచ్చాక అతను ఉప్పు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. 2018 వరల్డ్ కప్‌కి ఆ పనికి సెలవు పెట్టి వెళ్ళి, మొదటి మ్యాచ్‌లో అర్జెంటీనాని 1-1 దగ్గర ఆపిన టీమ్‌లో ఆడాడు.

హెర్మన్ కూడా ఆట ఆపాక ఖాళీగా లేడు, కోచింగ్‌లోకి దిగాడు. 2018లో డేవిడ్ జేమ్స్ కేరళ బ్లాస్టర్స్‌కి హెడ్ కోచ్‌గా వచ్చినప్పుడు అసిస్టెంట్‌గా వెంట వచ్చింది ఇతనే. నేను పని మీద కొచ్చి వెళ్ళి ఒక మ్యాచ్ చూశా. పసుపు చొక్కాల సముద్రం, చెవులు చిల్లులు పడే గోల, పక్కనున్న కుర్రాడికి బెంచ్ వైపు చూపించి "ఆయన ఎఫ్ఏ కప్ గెలిచాడు తెలుసా" అన్నా. "ఎవరు, జేమ్సా? జేమ్స్ తెలుసు" అన్నాడు. కీపర్‌కైనా గుర్తింపు ఉంటుంది, లెఫ్ట్ బ్యాక్‌కి ఉండదు. మీ వాడికి ఇది ఇప్పుడే చెప్పేయండి.

చివరగా ఒక పని. ట్రయల్స్ వాళ్ళు వీడియో అడిగితే గోల్స్, డ్రిబ్లింగ్ ముక్కలు అతికించి పంపకండి, డిఫెండర్‌కి అవి పనికిరావు. గోల్ వెనకాల కాస్త ఎత్తు మీద ఫోన్ పెట్టి, ఒక పూర్తి సగం, కట్ చేయకుండా తీయండి, బంతి ఎటు పోతున్నా ఫోన్ తిప్పొద్దు. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు మీ వాడు ఎక్కడ నిలబడ్డాడో అందులో కనపడుతుంది. నేనైతే అది చూసే తీసుకుంటా. వీడియో తీశాక ఇక్కడే ఒక మాట చెప్పండి, తీరిక చూసుకుని చూస్తాను.